ఇంటి పిల్లి కొరుకుడు మాన్పించుట ఎట్లు?

(మన పాఠశాల తల్లిదండ్రుల సభలో చేసిన ఉపన్యాసము)



ఈ వేదికపై మాట్లాడువారు సాధారణముగా మాతృభాషను గూర్చియో, బాలుర పరీక్షలను గూర్చియో మాట్లాడుదురు. నన్ను పిల్లిని గూర్చి మాట్లాడుమని కోరినప్పుడు నేను కొంత తటపటాయించిన మాట నిజము. కాని కోరిన కారణము తెలిసిన పిదప కాదనలేకపోతిని.

గత మాసమున నాలుగవ తరగతి ఉపాధ్యాయిని పిల్లలచేత "మా యింటి జంతువు" అను వ్యాసము వ్రాయించిరి. ఒక బాలుడు నాలుగే వాక్యములు వ్రాసెను. తమ పిల్లి పేరు చిట్టి యనియు, అది నాన్నగారి ఫోను తీగను మూడు మారులు కొరికినదనియు, వచ్చు ఆదివారము నాన్నగారు దానిని సంచిలో పెట్టి కృష్ణరాజ మార్కెట్టు దగ్గర విడిచి వత్తురనియు వ్రాసి, చివర "అది త్రోవ తెలిసికొని మరల మా యింటికి వచ్చునా?" అని అడిగెను. ఆ కాగితమునకు మార్కులు వేయుటకు చేయి రాక ఆమె దానిని నాయొద్దకు తెచ్చిరి. ముప్పది యేండ్లకు పైగా పశువైద్యమున గడిపినవాడను గనుక సమాధానము నేను చెప్పవలయునని ఆమె తలంపు.

మొదట ఆ తండ్రిగారి పక్షమున ఒక మాట చెప్పవలెను. ఆయన క్రూరుడని నేననుకొనను. పగలంతయు కచేరిలో శ్రమించి యింటికి వచ్చి ఫోను తీగ తెగియుండుట మూడవమారు చూచినవానికి కోపము రాకుండునా? పట్టుచీర అంచు నమలబడినది చూచిన యిల్లాలికి దుఃఖము రాకుండునా? నష్టము నష్టమే. అయితే పిల్లిని మార్కెట్టులో విడుచుట ఆ నష్టమునకు మందు కాదు. ఇంటిలో పెరిగిన పిల్లికి వీథికుక్కల నుండి తప్పించుకొనుట తెలియదు, వేటాడి తినుట తెలియదు. పైగా ఆకలి దప్పులకు గురియగునని తెలిసియు జంతువును అకారణముగా విడిచిపెట్టుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. ఆ చట్టము వచ్చుటకు రుక్మిణీదేవి అరండేల్ గారు రాజ్యసభలో ఎంతయో పాటుపడిరి. నాట్యమునకు ఆమె చేసిన సేవ మనకందరకు తెలియును గాని, ఈ సేవను తలచువారు తక్కువ.

పిల్లి యనగానే తెలుగువారికి తెనాలి రామకృష్ణుని పిల్లి జ్ఞాపకము వచ్చును. మన పిల్లలు వీథిలో దానిని "బెక్కు" అని పిలిచినను, ఇంటికి వచ్చి అమ్మమ్మ యొద్ద ఈ కథ విననివారుండరు. ఎలుకల బాధ పోగొట్టుటకై రాయలవారు ఇంటింటికి పిల్లిని, దాని పాలకొరకు ఆవును ఇచ్చిరట. రామకృష్ణుడు మొదటి దినముననే సలసల కాగు పాలు పిల్లి ముందు పెట్టెను. నోరు కాలిన పిల్లి మరల పాల గిన్నె కనబడినచో చాలు, పారిపోవుచుండెను. పాలు రామకృష్ణుని యింటివారు త్రాగిరి. పిల్లి మాత్రము ఎండి పుల్లయైనది. మనము నవ్వుదుము. కాని పశువైద్యునిగా నాకు ఆ కథలో నవ్వు కంటె శాస్త్రము ఎక్కువగా కనబడును. పిల్లికి బాధ కలిగినప్పుడు, ఆ క్షణమున తన కన్నుల ముందు ఏది యుండునో దానితో ఆ బాధను ముడి పెట్టుకొనును. పాలు కాచినవాడు ఎవడో, ఎందులకు కాచెనో దానికి పట్టదు. గిన్నెనే ద్వేషించును.

ఇది నేను చదివి తెలిసికొన్నది మాత్రమే కాదు. నా యింటిలోనే జరిగినది. వైద్యవృత్తిలో చేరిన క్రొత్తలో నాకొక పిల్లికూన యుండెడిది. అది నా చెప్పుల వారు కొరికెను. నేను సాయంకాలము ఇంటికి వచ్చి, తెగిన చెప్పును దాని ముక్కునకు చూపి, మడచిన వార్తాపత్రికతో రెండు దెబ్బలు వేసితిని. అది మంచము క్రింద దూరి మరునాటి మధ్యాహ్నము వరకు వెలుపలికి రాలేదు. తరువాత చెప్పులు కొరుకుట మానినదా? మానలేదు. నేను ఇంటనున్నప్పుడు మానినది. నేను గడప దాటిన వెంటనే మొదలుపెట్టినది. నాలుగు గంటల క్రితము చేసిన పనికిని, ఇప్పుడు పడిన దెబ్బకును సంబంధము దానికి తెలియలేదు. దానికి తెలిసినది ఒక్కటే: ఈ మనుష్యుడు సాయంకాలము తలుపు తెరచి వచ్చినప్పుడు దెబ్బలు పడును. పశువుల మనస్సు తెలిసినవాడనని జీతము తీసికొనుచు అట్లు చేసినందులకు నేటికిని సిగ్గుపడుచుందును.

మరి పిల్లి ఎందులకు కొరుకును? దీనికి ఒక్క కారణము లేదు.

పిల్లికూనకు పాలపండ్లు ఇరువదియాఱు. సుమారు మూడున్నర మాసములు మొదలుకొని ఆఱు మాసముల వరకు అవి రాలి, ముప్పది గట్టిపండ్లు వచ్చును. ఆ కాలమున చిగుళ్ళు సలుపును. మన పసిపిల్లలు చేతికందినది నోట పెట్టుకొనునట్లే అదియు చేయును. నాలుగు మాసముల కూన ఏదో కొరుకుచున్నదని ఎవరైన నాతో చెప్పినచో, ఇంకొక రెండు మాసములు ఓపిక పట్టుడని చెప్పుదును. ఊరక యుండుడని కాదు, కొరుకుటకు తగినది చూపుడని.

రెండవది తల్లిని తొందరగా బాపుట. వీథిలో ముద్దుగా కనబడిన నెల కూనను పిల్లలు చొక్కాలో దాచి తెచ్చుట మన పేటలలో మామూలు. అట్లు పాలు మానకముందే తెచ్చిన కూనలలో కొన్ని, పెద్దవైన పిమ్మటను కంబళిని, శాలువను, చీర కొంగును తల్లి పొదుగువలె చీకుచు, తరువాత నమలి మ్రింగుటకు అలవాటుపడును. సయామీ, బర్మీజు జాతులలో ఈ అలవాటు వంశానుగతముగా కూడ వచ్చును. 2017లో ఫిన్లండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయమువారు 5,000కు మించిన పిల్లుల వివరములను సేకరించి చూడగా, ఎనిమిది వారములు నిండకముందే తల్లినుండి వేరైన వానిలో కోపస్వభావము ఎక్కువయనియు, పదునాలుగు వారములు తల్లియొద్ద నున్నవానిలో ఇట్టి వ్యర్థపు అలవాట్లు తక్కువయనియు తేలినది. కావున కూనను తెచ్చుకొనదలచినవారు మూడు మాసములైన ఆగుట మంచిది. ఆగుమని ఎనిమిదేండ్ల పిల్లవానికి చెప్పుట ఎంత కష్టమో నాకును మనుమలున్నారు గనుక తెలియును.

మూడవ కారణము నాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచుచున్నది. అది పని లేమి. 1898లో ఈ నగరమునకు ప్లేగు వచ్చెను. ఇరుకు పేటలనుండి జనులను వెలుపలకు చేర్చుటకై బసవనగుడి, మల్లేశ్వరము ఆ మహమ్మారి తరువాత వెలసినవే. ఎలుక రాలిపడినదని విని ఇల్లు విడిచి పోయిన కాలమది. ఆ నాటి పెంకుటిండ్లలో పిల్లికి అటక యుండెను, పెరడు ఉండెను, గోడ యుండెను. రాత్రి యంతయు దానికి పని యుండెను. దానిని ఎవరును ఆడింపనక్కరలేదు. ఇప్పుడు మనము మారతహళ్ళిలోనో వైట్‌ఫీల్డులోనో తొమ్మిదవ అంతస్తున నివసించుచున్నాము. కిటికీకి వల, బాల్కనీకి వల. భార్యాభర్తలిరువురు కచేరికి, పిల్లలు బడికి. వేటాడుటకై శరీరమంతయు రూపొందిన జంతువు ఉదయము ఎనిమిది మొదలు సాయంకాలము ఏడు వరకు నున్నని రాతిపలకల నేలమీద ఒంటరిగా కూర్చుండును. దానికి కదలునట్టిది, సన్ననైనది, తోకవలె వ్రేలాడునది ఏదైన కనబడినచో ఏమి చేయును? ఫోను తీగ దానికి తీగ కాదు, ఎలుక తోక.

ఇక నాలుగవది రోగము, ఆహార లోపము. పంటినొప్పి, రక్తహీనత గల పిల్లులు మట్టి, ప్లాస్టిక్కు, గోడ సున్నము కూడ నాకుట, నములుట కలదు. ఇచ్చట శాకాహారులైన మిత్రులకు నొచ్చునట్టి మాట యొకటి చెప్పవలసియున్నది, మన్నింపుడు. పెరుగన్నముతో పిల్లి బ్రదుకదు. అది పుట్టుకతో మాంసాహారి. మాంసమున నుండు టారిన్ అను పదార్థమును అది తన శరీరమున చాలినంత తయారు చేసికొనలేదు. అది లోపించినచో చూపు చెడునని 1975లోను, గుండె బలహీనమగునని 1987లోను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. ఇంట మాంసము వండనివారు టారిన్ చేర్చి తయారుచేసి అమ్ము పిల్లి ఆహారమును కొని పెట్టవచ్చును. అదియు ఇష్టము లేనివారు పిల్లిని గాక కుందేలును పెంచుకొందురుగాక! పాలు కూడ ఎదిగిన పిల్లులలో అనేకములకు అరగవు. రామకృష్ణుని పిల్లి ఆ విధముగా అదృష్టవంతురాలేమో.

కొరుకుటవలన మనకు కలుగు నష్టము ధననష్టము. పిల్లికి కలుగునది ప్రాణనష్టము. దీనిని గూర్చి కొంచెము విస్తరించి చెప్పుటకు అనుమతింపుడు.

అన్నిటికంటె భయంకరమైనది దారము. పిల్లి నాలుక మీద ముండ్లవంటి బొడిపెలు గొంతు వైపునకు వంగియుండును. దారము ఒకమారు నోటికి చిక్కినచో ఉమ్మివేయుట దానికి సాధ్యము కాదు; మ్రింగుచునే పోవును. ఒక కొస నాలుక క్రింద తగులుకొని, రెండవ కొస ప్రేగులలోనికి పోయినచో, ప్రేగు ఆ దారముపైకి లంగా బొందుపైకి బట్ట ముడుచుకొన్నట్లు ముడుచుకొని, చివరకు కోసికొనిపోవును. మన యిండ్లలో దారములు ఎన్ని! మూర మల్లెపూలు కొని, జడలో పెట్టుకొని, రాత్రి తీసి అద్దము ముందు పెట్టిన వాడిన దండ. కుట్టుపెట్టెలో సూదితోనున్న దారము. సంక్రాంతి గాలిపటపు దారము. వాకిటి తోరణపు దారము. ఆడపిల్లల జుట్టు రబ్బరులు. ఒకమారు నాయొద్దకు ఒక యిల్లాలు పిల్లిని తెచ్చి, దాని నోటి కొసన దారము కనబడగా తాము లాగితిమనియు, కొంత వచ్చి ఆగినదనియు చెప్పిరి. అట్లు ఎన్నడును లాగరాదు. నోట కనబడినను, వెనుక కనబడినను లాగరాదు, వెంటనే వైద్యుని యొద్దకు పోవలెను. ఆ పిల్లికి శస్త్రచికిత్స చేసి సూదిని, దానితో జానెడు దారమును తీసితిమి. బ్రదికినది. అన్నియు అట్లు బ్రదుకవు.

విద్యుత్తు తీగ సంగతి మీకు చెప్పనక్కరలేదు. 230 వోల్టుల ప్రవాహము నాలుకను, పెదవులను కాల్చును. కొన్ని గంటలకు ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చును. అప్పటికి బాగుగానే యున్నదని మోసపోవుదుము. అట్టి పిల్లిని తాకుటకు ముందు మీట ఆపవలెను. లేనిచో పిల్లితోపాటు మనమును.

పూలమొక్కలు మరియొకటి. పెండ్లి విందులలో, అభినందన సభలలో ఇచ్చు పూలగుత్తులలో పెద్ద రేకుల లిల్లీలు ఇప్పుడు ఎక్కువగా వచ్చుచున్నవి. వాని ఆకు, రేకు, పుప్పొడి, కడకు కూజాలోని నీరు కూడ పిల్లి మూత్రపిండములను చెరచి, రెండు మూడు దినములలో చంపగలవు. కుక్కకు అంతటి హాని లేదు, పిల్లికి మాత్రమే ఈ శాపము. మనము మార్కెట్టులో లిల్లీ యని దండలకు కొను సన్నని తెల్లని నేలసంపెంగ వేరు, దానికి భయపడనక్కరలేదు. గన్నేరు విషమని మనవారికి తెలియును. అపార్టుమెంటు తోటలలో అందమునకు నాటు సైకస్ కూడ విషమని, అందును దాని గింజ మరింత విషమని తెలిసినవారు తక్కువ. మనీప్లాంటు చంపదు గాని నోరు మండించును.

ఇంక మాన్పించు విధానము. దీనికి నేను చెప్పునది చాల సామాన్యము. కొరుకరానిది అందకుండ చేయుడు, కొరుకదగినది అందించుడు, ఈ రెండు పనులును ఒకే దినమున చేయుడు. మొదటిది మాత్రమే చేసి రెండవది మరచినందుననే చాలమంది విఫలులగుచున్నారు. తీగను దాచినచో సోఫా అంచును, సోఫాకు బట్ట కప్పినచో తలుపు తెరను వెదకికొనును.

విద్యుత్తు పనివారు గోడలకు వాడు కేసింగు పైపు చౌకయైన వస్తువు. దానిలో తీగలు దూర్చినచో పిల్లి పంటికి దొరకవు. ఫోను నిండిన వెంటనే తీగను ఊడదీసి సొరుగులో పెట్టుట ఇంకను మంచిది. ఇది పిల్లికి నేర్పుట కాదు, మనము నేర్చుకొనుట. పట్టుచీరలు, శాలువలు బీరువాలో నుండవలెను. అయితే బీరువాలో వేయు కలరా ఉండలు పిల్లికి విషము. ఆ బీరువా తలుపు గట్టిగా మూయవలెను, ఉండ నేలపై దొర్లరాదు.

అది కొరుకుచుండగా చూచినచో అరవవద్దు. చప్పుడు చేయక దగ్గరకు పోయి, ఆ వస్తువు తీసి, దాని ఆటవస్తువును ముందు వేయుడు. అది దానిని పట్టిన క్షణముననే మెచ్చి నిమురుడు, లేదా చిన్న చేపతునక పెట్టుడు. కాగిన పాల కథలో బాధ ముడిపడినట్లే, ఇచ్చట సంతోషము ముడిపడును. మొదటి వారము ఫలితము కనబడకపోవచ్చును. ఇంటిలో ఒకరు మెచ్చుచు, ఒకరు కసరుచు, ఒకరు నవ్వుచు నుండినచో ఎన్ని వారములైనను కనబడదు.

వేటకు బదులు ఆట కావలెను. ఉదయము పది నిమిషములు, సాయంకాలము పది పదిహేను నిమిషములు చాలును. ఒక కఱ్ఱ చివర గుడ్డ ఎలుకను కట్టి నేలపై ఈడ్చుడు. దాగినట్లు చేయుడు, పరుగెత్తినట్లు చేయుడు, చివరకు తప్పక పట్టుకొననిండు. పట్టిన పిమ్మట అన్నము పెట్టుడు. వేటాడి, తిని, ఒడలు నాకుకొని నిద్రించుట దాని ప్రకృతిధర్మము. ఆట ముగిసిన తరువాత ఆ కఱ్ఱను, దారమును బీరువాలో పెట్టుట మరువకుడు. ఈ పనిని పిల్లలకు అప్పగింపుడు. లెక్కలు చేయుమని పిలిచినప్పుడు రాని బాలుడు దీనికి పిలువకయే వచ్చును.

పగలు ఇంట ఎవరును లేనప్పుడు అట్టపెట్టెకు చిన్న రంధ్రములు చేసి, లోపల దాని తిండి గింజలు వేసి పెట్టుడు. చేయి దూర్చి ఒక్కొక్కటిగా తీసికొనుచు గంటసేపు గడుపును. కిటికీ దగ్గర కూర్చుండుటకు ఎత్తైన పలక వేయుడు. మన నగరమునకు ఇంకను చెట్లు మిగిలియున్నవి. కాకులు, ఉడుతలు దానికి రోజంతయు నాటకమాడి చూపును.

మొక్కలు కొరుకు పిల్లికి దానికొరకే ఒక కుండీలో గోధుమలు చల్లుడు. వారము పది దినములలో జానెడు పచ్చగడ్డి వచ్చును. గడ్డి తినుట రోగము కాదు, పిల్లుల సహజగుణము. అయితే గోధుమకు బదులు జొన్న వేయవద్దు. లేత జొన్న మేసిన పశువు పడిపోవునని పల్లెలనుండి వచ్చిన పెద్దలకు తెలియును. ఆ విషమును పిల్లితో పరీక్షింపనక్కరలేదు.

కొందరు తీగలకు కారము పూయుదురు. కొందరు వేపనూనె, కొందరు కర్పూరతైలము పూయుదురు. పిల్లి తన ఒడలిని తానే నాకుకొను జంతువు. పాదమునకు అంటినది కడుపులోనికి పోవును. గాఢమైన తైలములను దాని కాలేయము విరిచివేయలేదు. కావలసినచో నిమ్మ, నారింజ తొక్కలను ఆ స్థలమున నుంచుడు. ఆ వాసన చాల పిల్లులకు పడదు. చాల పిల్లులకంటిని, మా యింటి ముసలి పిల్లి నారింజ తొక్కపై తలపెట్టి నిద్రించెడిది.

ఇవన్నియు చేసినను రెండు మూడు వారములకు మానకున్నచో, లేక గుడ్డను, ప్లాస్టిక్కును కొరుకుట మాత్రమే గాక మ్రింగుచున్నచో, వాంతులు, తిండి మానుట కనబడినచో వైద్యునకు చూపవలెను. వాంతి, తిండి మానుట రెండును ఉన్నచో మూడు వారములు గాదు, ఆ పూటయే. హెబ్బాళమున 1958లో స్థాపింపబడిన పశువైద్య కళాశాల మనకు కలదు. నగరమున ప్రయివేటు వైద్యులకును కొదువ లేదు. వెళ్ళునప్పుడు పిల్లి ఏ వస్తువును, ఏ వేళ, ఎవరు లేనప్పుడు కొరుకునో ఒక కాగితముపై వ్రాసి తీసికొని పొండు. వైద్యునకు సగము పని తీరును.

ఇక ఆ బాలుని ప్రశ్నకు నేనిచ్చిన సమాధానము చెప్పవలసియున్నది. "పిల్లి త్రోవ తెలిసికొని రావచ్చును, రాకపోవచ్చును, మీ నాన్నగారిని ఒక నెల గడువడుగుము" అని ఆ కాగితము క్రిందనే వ్రాసి, పైన నేను చెప్పిన విషయములలో నాలుగింటిని మరియొక కాగితముపై వ్రాసి పంపితిని. నిన్న సాయంకాలము ఆ తండ్రిగారే నాతో ఫోనులో మాట్లాడిరి. చిట్టి వయస్సు ఐదు మాసములేనట! ఆ సంగతి ముందుగా తెలిసియున్నచో నా ఉత్తరము ఇంకను పొట్టిగా నుండెడిది. కేసింగు పైపు వేయించితిమనియు, ఫోను తీగ సురక్షితముగా నున్నదనియు, బాలుడు ప్రతి సాయంకాలము దానిని ఆడించుచున్నాడనియు చెప్పిరి. ఇప్పుడు అది తమ అత్తగారి జపమాల సంచి కుచ్చులను కొరుకుచున్నదట. ఆ సంచిని గూటిలో పైన పెట్టించుడని చెప్పితిని.